శక్తికి తగిన పని

పాఠ్యభాగ పరిచయం

మానవ జీవితంలో శ్రమకు ఉన్నతమైన స్థానం ఉంది. అయితే శ్రమించాలన్న కోరిక ఉండి కూడా శరీరం సహకరించని స్థితి కొందరికి ఏర్పడుతుంది. బయటికి కనిపించని అటువంటి ఒక వ్యాధిని గురించి, ఆ వ్యాధితో జీవిస్తూనే తమకు అనువైన పనిని వెతుక్కొన్నవారిని గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. రోగుల పట్ల కుటుంబానికీ సమాజానికీ ఉండవలసిన అవగాహనను విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పగలంతా నడుము వంచి నాట్లు వేసిన కూలీ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంది. తెల్లవారేసరికి మళ్లీ పొలానికి బయలుదేరుతుంది. పరీక్షల కోసం రాత్రంతా మేలుకొని చదివిన విద్యార్థి ఒక పూట నిద్రతో కోలుకొంటాడు. అలసట శరీరానికి సహజ ధర్మం. విశ్రాంతి దానికి సహజమైన మందు. ఈ రెండింటి మధ్య లెక్క సరిగా ఉన్నంత కాలం అలసటను గురించి ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించరు. కాని ఎంత విశ్రమించినా తీరని అలసట, నిద్ర లేచిన క్షణంలోనే మీదపడే నీరసం కొందరిని నెలల తరబడి, ఏళ్ల తరబడి వెంటాడుతాయి. ఈ వ్యాధిని వైద్యులు 'క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్' అని వ్యవహరిస్తారు. తెలుగులో దీనిని దీర్ఘకాలిక అలసట వ్యాధి అనవచ్చు. 'మయాల్జిక్ ఎన్‌కెఫలోమైలైటిస్' అన్నది దీనికి మరొక పేరు. అలసట అనే మాట వ్యాధి తీవ్రతను తక్కువ చేసి చూపుతుందన్న అభిప్రాయంతో రోగులలో చాలామంది ఈ రెండో పేరునే కోరుకొంటారు.

ఈ వ్యాధి చరిత్ర విచిత్రమైనది. 1934లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ కౌంటీ ఆసుపత్రిలో, 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో సిబ్బంది పెద్ద సంఖ్యలో అంతుపట్టని జబ్బుకు గురయ్యారు. లండన్‌లో దాదాపు 300 మంది జబ్బుపడగా, ఆసుపత్రినే కొన్ని వారాలపాటు మూసివేయవలసి వచ్చింది. కండరాల నొప్పి, విపరీతమైన నీరసం, ఏకాగ్రత లోపించడం వారిలో కనిపించాయి. 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో దీనిని నాడీమండల వ్యాధుల కింద చేర్చింది. అయినా మరుసటి సంవత్సరమే ఇద్దరు మనోవైద్యులు రోగులను స్వయంగా పరీక్షించకుండా, పాత రికార్డులను మాత్రమే చదివి, లండన్ ఘటనను సామూహిక హిస్టీరియాగా తేల్చారు. ఆ మాట పడిన నీడ చాలా కాలం తొలగలేదు. జబ్బును నిరూపించే రక్తపరీక్ష ఏదీ లేకపోవడంతో, రోగి చెప్పేది నిజమా నటనా అన్న సందేహం వైద్యుని గదిలోనూ, ఇంటి వసారాలోనూ, కార్యాలయంలోనూ కొనసాగింది. 1988లో అమెరికా వైద్య నిపుణులు 'క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్' అన్న పేరును ఖాయపరచి, మొదటి నిర్వచనాన్ని రూపొందించారు.

2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వేలాది పరిశోధన పత్రాలను సమీక్షించి ఒక నివేదికను వెలువరించింది. ఇది తీవ్రమైన శారీరక వ్యాధి అని ఆ నివేదిక స్పష్టం చేసింది. దాని ప్రకారం రోగిలో మూడు లక్షణాలు తప్పనిసరిగా ఉండాలి. మొదటిది, పూర్వం చేయగలిగిన పనులు చేసే శక్తి గణనీయంగా తగ్గి, ఆ స్థితి ఆరు నెలలకు పైగా కొనసాగడం. రెండవది, శ్రమ తరువాత జబ్బు ముదరడం. మూడవది, నిద్ర వల్ల సేద తీరకపోవడం. వీటితోపాటు ఆలోచనాశక్తి మందగించడం గాని, లేచి నిలబడినప్పుడు తల తిరగడం వంటి ఇబ్బందులు అధికం కావడం గాని ఉండాలి. అమెరికాలో ఈ వ్యాధిగ్రస్తులు 8,36,000 నుండి 25 లక్షల వరకు ఉండవచ్చునని నివేదిక అంచనా వేసింది. వారిలో అత్యధికులకు తమ జబ్బు పేరు కూడా తెలియదు. రోగులలో కనీసం నాలుగోవంతు మంది ఏదో ఒక దశలో ఇంటికో మంచానికో పరిమితమైపోతారు. పురుషుల కంటే స్త్రీలలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ వ్యాధికి మూలకారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అయితే ఎక్కువమందిలో ఇది ఏదో ఒక అంటువ్యాధి తరువాత ప్రారంభమవుతుంది. ఆస్ట్రేలియాలోని డబ్బో పట్టణ ప్రాంతంలో మూడు రకాల అంటుజ్వరాలకు గురైన 253 మందిని పరిశోధకులు క్రమంగా పరిశీలించారు. ఆరు నెలల తరువాత వారిలో 28 మంది ఈ వ్యాధి లక్షణాలతో మిగిలారని 2006లో ప్రకటించారు. జ్వరం ఎంత తీవ్రంగా వచ్చిందన్నదే ఆ ఫలితాన్ని నిర్ణయించింది గాని, రోగి మనస్తత్వం కాదని ఆ పరిశీలనలో తేలింది. జ్వరం పోయినా జబ్బు పోకపోవడం తెలుగువారికి తెలియని అనుభవం కాదు. 2006లో ఆంధ్రప్రదేశ్‌లో చికున్‌గున్యా ప్రబలినప్పుడు జ్వరం నాలుగు రోజుల్లో తగ్గినా, కీళ్లనొప్పులు ఎందరినో నెలల తరబడి బాధించాయి. 2020 తరువాత కోవిడ్ బారిన పడిన వారిలో కొందరికి దీర్ఘకాలం నీరసం మిగిలిపోవడంతో ఈ రంగంలో పరిశోధనలు వేగం పుంజుకొన్నాయి. 2025లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 15 వేలకు పైగా రోగుల జన్యువులను పరిశీలించి, ఈ వ్యాధితో సంబంధం ఉన్న ఎనిమిది జన్యు ప్రాంతాలను గుర్తించినట్లు ప్రకటించారు.

నీరసం ఉన్న ప్రతివారికీ ఈ వ్యాధి ఉన్నట్లు కాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, క్షయ, బి12 విటమిన్ కొరత, నిద్రలో శ్వాస ఆగిపోయే రుగ్మత, మానసిక కుంగుబాటు వంటివి కూడా అలసటను కలిగిస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల వయసు గల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. చికిత్సతో నయమయ్యే ఇటువంటి కారణాలను ముందుగా పరీక్షించి తెలుసుకోవాలి. అవేవీ సరిపోనప్పుడు, పైన చెప్పిన లక్షణాలను బట్టి వైద్యులు ఈ వ్యాధిని నిర్ధారిస్తారు.

దీర్ఘకాలిక అలసట వ్యాధిని మిగిలినవాటి నుండి వేరుచేసే ముఖ్య లక్షణం శ్రమానంతర క్షీణత. రోగి ఒకనాడు కాస్త ఓపికగా ఉన్నదని బట్టలు ఉతికి, బజారుకు వెళ్లి, చుట్టాలతో రెండు గంటలు మాట్లాడాడనుకొందాం. ఆ రోజు అతడు బాగానే ఉన్నట్లు కనిపిస్తాడు. సాధారణంగా 12 నుండి 48 గంటల తరువాత దెబ్బ తగులుతుంది. ఒళ్లంతా నొప్పులు, గొంతునొప్పి, వెలుతురునూ చప్పుడునూ భరించలేకపోవడం, చదివిన వాక్యం మళ్లీ చదివినా అర్థం కాకపోవడం మొదలై రోజులూ వారాలూ సాగవచ్చు. శారీరక శ్రమ మాత్రమే కాదు, చదువు, సంభాషణ, ఆందోళన కూడా ఈ క్షీణతను తెచ్చిపెడతాయి. కారణానికీ ఫలితానికీ మధ్య ఒకటి రెండు రోజుల ఎడం ఉండడం వల్ల రోగికే తన తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. నిన్న బజారులో నవ్వుతూ కనిపించిన మనిషి నేడు మంచం దిగలేకపోతున్నాడంటే ఇరుగుపొరుగు నమ్మరు. ఆ మనిషికి బద్ధకస్తుడన్న పేరు అంటుకొంటుంది.

ఇటువంటి వ్యాధిగ్రస్తునికి ఉద్యోగం పెద్ద సమస్య. జీతం లేనిదే ఇల్లు గడవదు, మందులు రావు. పని మానేస్తే గుర్తింపు పోతుంది. పని చేస్తే ఆరోగ్యం పోతుంది. వ్యాయామాన్ని క్రమక్రమంగా పెంచుకొంటూ పోతే శక్తి తిరిగి వస్తుందని ఒకప్పుడు వైద్యులు సలహా ఇచ్చేవారు. బ్రిటన్‌లో 2007 నాటి అధికారిక మార్గదర్శకాలు కూడా అదే చెప్పాయి. కాని ఆ పద్ధతి వల్ల తాము మరింత దిగజారామని అనేకమంది రోగులు మొరపెట్టుకొన్నారు. ఆధారాలను తిరిగి పరిశీలించిన తరువాత 2021లో ఆ మార్గదర్శకాలను సవరించి, ముందే నిర్ణయించిన లెక్క ప్రకారం శ్రమను పెంచే చికిత్స చేయరాదని పేర్కొన్నారు. దానికి బదులు ఉన్న శక్తిని పొదుపుగా వాడుకొనే విధానాన్ని సూచించారు.

ఈ విధానం ఇంటి ఖర్చుల లెక్క వంటిది. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాచుకోవాలన్నది పెద్దల మాట. నెలకు పదివేల ఆదాయం ఉన్న గృహిణి పన్నెండు వేలు ఖర్చు చేస్తే మిగిలిన రెండు వేలకు అప్పు చేయాలి. అప్పుకు వడ్డీ కట్టాలి. శక్తి విషయంలో ఆ వడ్డీ చాలా ఎక్కువ. ఒక గంట అదనపు శ్రమకు మూడు రోజుల పడక వడ్డీగా చెల్లించవలసి రావచ్చు. అందువల్ల పని వెతుక్కొనే ముందు రోగి తన ఆదాయమెంతో తెలుసుకోవాలి. రెండు మూడు వారాలపాటు ఒక పుస్తకంలో ఏ పూట ఏమి చేసినదీ, ఆ రోజూ తరువాతి రెండు రోజులూ ఒంట్లో ఎలా ఉన్నదీ రాసుకొంటే, ఎంతవరకు చేస్తే క్షీణత రాదో ఒక అంచనా దొరుకుతుంది. ఆ అంచనాకు కొంత లోపుగానే పనిని నిర్ణయించుకోవడం వివేకం. ఇక్కడ చెడ్డరోజు కంటే మంచిరోజే ప్రమాదకరం. చెడ్డరోజున శరీరమే ఆపుతుంది. మంచిరోజున మనిషి తనను తానే ఆపుకోవాలి.

ఉద్యోగపు శ్రమ అంటే ఉద్యోగ సమయంలోని శ్రమ మాత్రమే కాదు. స్నానం చేసి తయారు కావడం, బస్సులో నిలబడి ప్రయాణించడం, మెట్లు ఎక్కడం, తిరిగి వచ్చి వంట చేసుకోవడం అన్నీ ఆ ఖాతాలోనే పడతాయి. నాలుగు గంటల ఉద్యోగానికి రెండు గంటల ప్రయాణం ఉంటే అది ఆరు గంటల ఉద్యోగమే. కాబట్టి జీతం కంటే ముందుగా కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. పనిని కూర్చొని గాని, పడుకొని గాని చేయవచ్చునా? మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించే వీలుందా? ఫలానా గంటకు ముగించాలన్న నిర్బంధం ఉందా, లేక వారంలోగా ఇస్తే చాలునా? చప్పుడు, వెలుతురు, రద్దీ ఎంత? ఒకరోజు రాలేకపోతే పని ఆగిపోతుందా? ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాలే పనిని ఎంచుకోవడానికి గీటురాళ్లు.

ఈ గీటురాళ్ల మీద పరీక్షిస్తే, తేలికగా కనిపించే పనులన్నీ తేలికైనవి కావని తెలుస్తుంది. ఇంటి దగ్గరే కదా అని అప్పడాలో పచ్చళ్లో పెట్టుకొంటే, దంచడానికీ ఎండబెట్టడానికీ నిలువుకాళ్ల మీద ఉండాలి. కాలితో తొక్కే కుట్టుమిషను కంటే మోటారు బిగించిన మిషను నయం. బీడీలు చుట్టడం వంటి పనుల్లో లెక్కను బట్టి కూలి ఇస్తారు గనుక, ఇంకొక వంద పూర్తి చేద్దామన్న ఆశ మనిషిని హద్దు దాటిస్తుంది. అనువాదం, ప్రూఫులు దిద్దడం, కంప్యూటర్ మీద పుటల కూర్పు, ఒకరిద్దరు పిల్లలకు ఇంటర్నెట్ ద్వారా పాఠం చెప్పడం వంటివి కొందరికి అనుకూలిస్తాయి. అయితే ఆలోచనాశక్తి ఎక్కువగా దెబ్బతిన్నవారికి ఇవి కూడా భారమే. అటువంటివారికి మెదడుకు శ్రమ లేని చిన్న చేతిపని మేలు కావచ్చు. ఒకరికి సరిపడిన మందు మరొకరికి సరిపడనట్లే, ఒకరికి అనువైన పని మరొకరికి అనువైనది కాదు.

ఈ వ్యాధితోనే తమకు తగిన పనిని మలచుకొన్నవారు ఉన్నారు. అమెరికన్ రచయిత్రి లారా హిల్లెన్‌బ్రాండ్ 1987లో, కళాశాల విద్యార్థినిగా ఉన్నప్పుడు, హఠాత్తుగా జబ్బుపడి చదువు మానుకోవలసి వచ్చింది. తొలుత చూసిన వైద్యులలో కొందరు ఆమె బాధను మానసికమైనదిగా కొట్టివేశారు. ఇల్లు కదలలేని స్థితిలో ఆమె తనకు ఇష్టమైన గుర్రప్పందేలను గురించి పత్రికలకు వ్యాసాలు రాయసాగారు. 'సీబిస్కెట్' అనే పందెపు గుర్రం చరిత్రను ఒక వ్యాసంగా రాసి, తరువాత 2001లో పుస్తకంగా విస్తరించారు. గ్రంథాలయాలకు వెళ్లలేరు గనుక టెలిఫోన్ ద్వారా మనుషులను కలుసుకొన్నారు. తల తిరగడం వల్ల కాగితం వైపు చూడలేనప్పుడు కళ్లు మూసుకొనే రాశారు. 2010లో వెలువడిన 'అన్‌బ్రోకెన్' గ్రంథానికి కథానాయకుడైన లూయీ జాంపెరీనితో ఆమె సంభాషణలు టెలిఫోన్‌లోనే సాగాయి. ఆ పుస్తకానికి ఏడు సంవత్సరాలు పట్టింది. ఈ విజయాల కోసం ఆమె ఆరోగ్యపరంగా మూల్యం కూడా చెల్లించారు.

ఇంగ్లండుకు చెందిన సుసన్నా క్లార్క్ 2004లో తన మొదటి నవలతో ప్రసిద్ధి పొందారు. ఎనిమిది వందల పుటలకు చేరువైన ఆ బృహత్ గ్రంథానికి పదేళ్లకు పైగా శ్రమించారు. మరుసటి సంవత్సరమే ఆమె జబ్బుపడ్డారు. ఆ నవలకు కొనసాగింపుగా మరొక పెద్ద రచన చేయడం తన శక్తికి మించినదని గుర్తించి, కొద్ది పాత్రలతో, పరిశోధన అంతగా అవసరం లేని ఒక చిన్న కథను ఎన్నుకొన్నారు. 2020లో వెలువడిన ఆ నవల 'పిరనేసి'కి 2021లో ఇంగ్లండులోని ప్రతిష్ఠాత్మకమైన విమెన్స్ ప్రైజ్ లభించింది. పని చిన్నదైనంత మాత్రాన దాని విలువ చిన్నది కాదనడానికి ఇది ఉదాహరణ. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ వ్యాధికి గురైన జెన్నిఫర్ బ్రియా, మంచం మీది నుంచే కంప్యూటర్ తెర ద్వారా ఇతర ప్రాంతాలలోని చిత్రీకరణను నడిపించి 'అన్‌రెస్ట్' అనే డాక్యుమెంటరీ చిత్రాన్ని 2017లో పూర్తిచేశారు.

ఈ వ్యాధిని గురించిన అవగాహన దినంగా మే 12వ తేదీని పాటిస్తారు. అది ఫ్లోరెన్స్ నైటింగేల్ జన్మదినం. క్రిమియా యుద్ధం నుండి తిరిగి వచ్చిన తరువాత ఆమె దీర్ఘకాలం రోగపీడితురాలై ఎక్కువగా గదికే పరిమితమయ్యారు. ఆమెకు వచ్చిన జబ్బు వేరొకటని నేటి పరిశోధకులలో పలువురు భావిస్తారు. అయినా మంచం మీది నుంచి ఆమె సాగించిన కృషి ఈ రోగులకు స్ఫూర్తినిస్తుంది. భారతదేశానికి ఎన్నడూ రాకుండానే, ఇక్కడి సైనిక శిబిరాల పారిశుద్ధ్యంపై 1863లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదికకు ఆమె తోడ్పడ్డారు. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, కరువుల నివారణకు నీటిపారుదల అవసరమని వాదించారు. ఆమె వద్దకు వచ్చేవారు ముందుగా అనుమతి తీసుకోవలసి ఉండేది. తన శక్తిని ఎవరికోసం, ఎంతవరకు వెచ్చించాలో ఆమే నిర్ణయించుకొన్నారు.

అయితే ప్రసిద్ధుల ఉదాహరణలు చూపి సామాన్యులను నిందించడం అన్యాయం. పుస్తకం రాయడానికి ఏడేళ్లు వేచి ఉండగల అవకాశం అందరికీ ఉండదు. సామాన్య ఉద్యోగికి యజమాని సహకారమే ఆధారం. పని గంటలను తగ్గించడం, కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేయనివ్వడం, మధ్యాహ్నం అరగంట పడుకోవడానికి చోటు చూపడం, కింది అంతస్తులో కుర్చీ వేయడం, సూచనలను నోటితో కాక కాగితం మీద ఇవ్వడం వంటివి పెద్ద ఖర్చు లేని ఏర్పాట్లు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇటువంటివాటిని సముచిత సదుపాయాలుగా పేర్కొని, ప్రభుత్వ సంస్థలు తమ దివ్యాంగ ఉద్యోగులకు వాటిని కల్పించాలని విధించింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం ఏర్పడిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదనీ, ఆ పనికి పనికిరాకపోతే అదే వేతనంతో మరొక స్థానానికి మార్చాలనీ చెప్పింది. ఆ చట్టం జాబితాలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. దీర్ఘకాలిక నాడీ సంబంధ వ్యాధులకు అందులో చోటు ఉన్నా, ఈ వ్యాధి పేరు మాత్రం విడిగా లేదు. కనిపించని జబ్బు చట్టం కంటికి కూడా వెంటనే కనిపించదు.

కుటుంబం చేయగలిగిన సహాయం ఇంతకంటే పెద్దది. "కాస్త లేచి తిరిగితే అదే పోతుంది" అనే మాట ప్రేమతో అన్నదే కావచ్చు. కాని ఆ మాటకు కట్టుబడి లేచిన రోగి మూడవనాడు మంచాన పడతాడు. "ఈ రోజు ఎంతవరకు చేయగలవు?" అని అడగడం మేలు. ఆ సమాధానాన్ని నమ్మడం అంతకంటే మేలు. వంట ఒకరు, బజారు ఒకరు పంచుకొంటే, ఆ మిగిలిన శక్తితో రోగి రోజుకు ఒక గంట తన పని చేసుకోగలుగుతాడు. ఆ గంటలో వచ్చే సంపాదన స్వల్పమే అయినా, తాను కూడా ఇంటికి ఉపయోగపడుతున్నానన్న తృప్తి స్వల్పమైనది కాదు.

ఆ ఒక్క గంట కూడా సాధ్యం కానివారు ఉన్నారు. చీకటి గదిలో, మాట వినడమే శ్రమగా రోజులు గడిపే తీవ్ర రోగులకు ఏ పనీ తగిన పని కాదు. వారికి బతికి ఉండడమే ఆనాటి పని. శ్రమను గౌరవించే సమాజం శ్రమించలేనివారిని అగౌరవపరచవలసిన అవసరం లేదు. మనిషి విలువను అతడు చేసిన పని గంటలతో కొలవడం మానినప్పుడే, పనిచేయగలిగినవారు తమ హద్దును సిగ్గుపడకుండా చెప్పుకోగలుగుతారు. శక్తికి తగిన పని దొరకడానికి అదే మొదటి మెట్టు.

కఠిన పదాలు – అర్థాలు

సేద తీరు : అలసట పోవు
గణనీయంగా : లెక్కించదగినంతగా, ఎక్కువగా
శ్రమానంతర : శ్రమ తరువాతి
క్షీణత : తగ్గిపోవడం, దిగజారడం
గీటురాయి : బంగారం నాణ్యతను పరీక్షించే రాయి, ప్రమాణం
బృహత్ గ్రంథం : చాలా పెద్ద పుస్తకం
సముచితం : తగినది
స్వల్పం : కొంచెం

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. సాధారణ అలసటకూ దీర్ఘకాలిక అలసట వ్యాధికీ గల భేదాన్ని వివరించండి.
2. శక్తి వినియోగాన్ని ఇంటి ఖర్చులతో పోల్చడంలోని ఔచిత్యాన్ని తెలపండి.
3. సుసన్నా క్లార్క్ తన శక్తికి తగిన రచనను ఎలా ఎన్నుకొన్నారు?

II. కింది ప్రశ్నకు విపులంగా సమాధానం రాయండి.
1. దీర్ఘకాలిక అలసట వ్యాధిగ్రస్తులు పనిని ఎన్నుకోవడంలో గమనించవలసిన అంశాలను, వారికి కుటుంబమూ యజమానీ అందించగల సహకారాన్ని వివరించండి.

III. కింది వాక్యానికి సందర్భ సహిత వ్యాఖ్య రాయండి.
1. చెడ్డరోజు కంటే మంచిరోజే ప్రమాదకరం.